పూజకు పెట్టని స్టిక్కు

"సార్ పోయినాడప్పా" అని మా గోల్‌కీపర్ ఫోన్ చేసినప్పుడు నేను వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ఏ సార్ అని అడిగాను. మా హాకీ జట్టుకి ఆట నేర్పిన సార్ ఒక్కరే, అయినా అడిగాను. మొన్న ఆదివారమే కె.ఆర్.పురం సంతలో కనబడి, నా పొట్ట మీద ఒకటేసి, "నిన్ను గోల్‌లో నిలబెడితే చాలప్పా, బంతి పోయేదానికి సందే ఉండదు" అని నవ్వారు. ఆ మనిషి ఎలా పోతారు?

తొంభైలలో సార్ ఫ్యాక్టరీలో లేత్ మిషను నడిపే టర్నరు. షిఫ్టు దిగి నేరుగా రైలు పట్టాల పక్కన మా మట్టి గ్రౌండుకి వచ్చేవారు. ఆటకు ముందు ఒక్కొక్కడు పది రాళ్లు ఏరి అవతల పారెయ్యాలి, ఆయనతో సహా. బంతి కోసం నిలబడి చూసేవాడికి చీవాట్లే. "అదేమన్నా నీ మామ కూతురా, నిన్ను ఎతుక్కుంటా వచ్చేదానికి?"

రెండేళ్లు మమ్మల్ని చుట్టుపక్కల ఎవరూ ఓడించలేదు. జిల్లా జట్టుకి ఎంపిక మ్యాచి వచ్చింది. అది టర్ఫ్ మీద, నీళ్లు చల్లి ఆడే ప్లాస్టిక్ గడ్డి మీద. మేము దాన్ని కాలితో తొక్కి కూడా ఎరగం. సార్ ఎవరెవరినో బతిమాలి ఒక్క సాయంత్రం ప్రాక్టీసుకి అడిగారు. దొరికింది ఆయుధపూజ రోజు.

పొద్దున్నే సార్ ఇంట్లో స్టిక్కులన్నిటికీ కుంకుమ పెట్టేశాం. పూజలో పెట్టినవి మర్నాటిదాకా కదపకూడదు. మధ్యాహ్నం సార్ కెప్టెన్నైన నన్నొక్కణ్ణే పిలిచి అడిగారు.

"ఏం చేస్తామప్పా? దేవుడేమీ అనుకోడులే."

"వద్దు సార్, ముట్టుకోకూడదు" అన్నాను. నాది భక్తి కాదు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉంది, నాకు దానికి పోవాలని.

ఆయన నా మొహం చూశారు. "సరే, కెప్టెన్ నువ్వు" అన్నారు.

మ్యాచిలో ఆరు గోల్స్ తిన్నాం. మట్టిలో ఎగిరే బంతికి అలవాటుపడి స్టిక్కు కాస్త ఎత్తి పెట్టేవాళ్లం. తడి టర్ఫ్ మీద బంతి ఎగరలేదు, స్టిక్కుల కిందనించి జారిపోయింది. సెలెక్టర్లు మాలో ఒక్కడి పేరూ రాసుకోలేదు. ఏడాది తిరిగేసరికి జట్టు చెట్టుకొకడు పుట్టకొకడు అయింది.

నిన్న సార్ ఇంటి ముందు గోల్‌కీపర్ కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "ఆ పొద్దు సార్ స్టిక్కులు ఎత్తనిచ్చింటే మన కత వేరేగా ఉండేది. తప్పు నాదేరా అని ఎన్నిసార్లు చెప్పినాడో, పాపం."

ఇన్నేళ్లూ ఆ నింద ఆయన మోశారా? నేను ఎదురుపడినప్పుడల్లా నా పొట్ట మీద ఒకటేసి నవ్వుతూనా?

"వద్దన్నది నేనురా" అన్నాను. గోల్‌కీపర్ నా వైపు చూడడం మానేశాడు.

సార్ భార్యని మేం అక్కా అంటాం. ఆమె ఒక్కతే తలెత్తింది. "నాకు తెలుసప్పా. ఆ ఏటి నుంచి పూజలో అన్నీ పెట్టి ఒక స్టిక్కు మాత్రం బయటే ఉంచేవాడు. కెప్టెనుకి ఆడాలనిపిస్తే ఉండాల కదా అనేవాడు. అదో, ఆడుండాది చూడు."

తలుపు మూల ఆనించి ఉంది. పిడికి కొత్త టేపు చుట్టి ఉంది. ఎక్కడా కుంకుమ బొట్టు లేదు.