తాళి తీసే పాట వచ్చినప్పుడు

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ కొందరు పైటచెంగు వెతుక్కుంటారు. యుద్ధానికి పోయిన మగవాడు, వాకిట్లో దీపం పెట్టుకుని కూర్చున్న ఆడది, చివర్లో ఒక చావు. ఇంతే కథ. తిరుపతిలో టెంటు వేసి ఆడిస్తుంటే చంద్రగిరి నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చి ఏడ్చి పోయేవాళ్లు.

నేనప్పుడు మదరాసులో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చాను. ఆ కథంటే నాకు ఒళ్లు మంట. కథానాయిక రాత్రంతా దీపం ఆర్పదు. మాకు సీసాడు కిరసనాయిలు కావాలంటే తెల్లవారకముందే వరసలో నిలబడాలి, ఆమెకు ఎవరు పోశారో మరి. నాయకుడు తలకు కట్టు కట్టుకుని తిరిగొస్తాడు, క్రాపు మాత్రం చెదరదు. అతని ఒళ్లో ప్రాణం విడుస్తూ ఆమె ఒక్క చరణం కూడా వదలకుండా పాట పాడుతుంది. నిజంగా ప్రాణం పోయేటప్పుడు మనుషులు మంచినీళ్లు అడుగుతారు.

ఇంత తెలిసీ వెళ్లింది మా అక్క కోసం. మా బావ పటాలంలో చేరి బర్మాకు పోయాడు. ఆ తర్వాత కబురు లేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ చెప్పలేదు. యుద్ధం ముగిసింది, అయినా రాలేదు. అక్క అత్తగారు చిన్నవయసులోనే బొట్టు పోగొట్టుకున్న మనిషి. ఆమె ఇక ఆగనంది, పురోహితుణ్ణి అడిగి వచ్చింది. శవం దొరకకపోతే దర్భలతో బొమ్మ చేసి కాల్చవచ్చట. పదోరోజున అక్క మెడలో తాళి తీయవచ్చట. అమావాస్య దాటాక చేద్దామని నిశ్చయించుకుంది.

“కొడుక్కు నీళ్లొదిలేదానికి అంత తొందరేంది అత్తా?” అన్నాను.

“సదువుకున్నదానివి, నీకేం తెలుసు మ్మే. వాడు ఆకలితో తిరగతాంటాడు. పిండం పెట్టకపోతే నేనొక తల్లినా?”

ఆ బాధ నిజమే, కాదనను. కానీ కొడుకు ఆకలి తీరడానికి కోడలి మెడ బోసి కావాలా అన్నాను. అంతటితో ఆమె నాతో మాటలు మానేసింది. సినిమాకు మాత్రం ముగ్గురం కలిసే వెళ్లాం. ఏడుపు దగ్గర ఆమెకు ఎవరితోనూ పగ లేదు.

టెంటులో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, నడుమ తడిక, కింద ఇసుక. ఈ సినిమాకు మా ఊరి ఆడవాళ్లు ఒక ఆచారం కనిపెట్టారు. నాయకుడు చచ్చాడనుకుని కథానాయిక తాళి తీసే పాట ఒకటి ఉంది. అది మొదలవగానే ముత్తైదువలంతా లేచి బయటికి పోవాలి. చూస్తే తమ మొగుళ్లకు కీడట. వితంతువులు కూర్చుని చూడవచ్చు, వాళ్లకు కొత్తగా చెడేదేమీ లేదని. బయట ఒక పెద్దావిడ కుంకుమ భరిణెతో నిలబడి అందరికీ బొట్టు దిద్దేది. పాట అయ్యాక మళ్లీ లోపలికి. బండి కట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, అసలు ఘట్టానికి సోడా బండి దగ్గర నిలబడే జనాన్ని నేను మదరాసులో చూడలేదు.

ఆ రోజూ పాట మొదలైంది. అందరితో పాటు అక్కా లేవబోయింది. అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

“నువ్వు యాడికి పోతావు. కూసో.”

గట్టిగా అనలేదు. అయినా వినవలసినవాళ్లంతా విన్నారు. లేచినవాళ్లు లేచినట్టే ఆగిపోయారు. అక్క కూర్చుంటే దర్భబొమ్మకు తలవూపినట్టే.

అక్క చేయి విదిలించుకోలేదు. వంగి, నెమ్మదిగా అంది: “సూస్తే మీ కొడుక్కే కదా అత్తా కీడు.”

అత్త వేళ్లు సడలాయి.

అక్క బయటికి నడిచింది. పెళ్లికానిదాన్ని, ఆ ఆచారంలో నాకు చోటే లేదు. అయినా వెంట వెళ్లాను. భరిణె పట్టుకున్నావిడ అక్క ముఖంలోకి చూసింది.

“మీ ఆయన యాడుండాడు మ్మే?”

“బర్మాలో” అంది అక్క, అంగడికి పోయాడన్నట్టు.

“అట్లయితే దగ్గరికి రా. ఆడికి కనపడేట్టు పెట్టాల” అని ఆవిడ రూపాయంత బొట్టు పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వింది.

తర్వాత కథానాయిక పద్ధతిగా చచ్చింది. టెంటంతా వెక్కిళ్లు. అత్త కన్ను తడవలేదు. ఇంటికి పోయే దారిలో అంది: “ఆ పిల్ల తాళి తీసినోళ్లకు బుద్ధి లేదు. ఇంకొన్నాళ్లు సూడాల్సింది.” నేను అందుకోబోతే అక్క నా చేతి మీద గిల్లింది.

పురోహితుడు రాలేదు. బావా రాలేదు. అమావాస్య వస్తే అత్త దారిన పోయే ఎవరినో ఒకరిని పిలిచి విస్తరి వేసేది. “ఎవురో ఒకరి కొడుకు తింటాడులే” అనేది. అక్క బొట్టు చెరగలేదు. సినిమా తీసినవాడి చేతిలో పెడితే మా అక్కను ఎప్పుడో చంపేసి పాట పెట్టేవాడు.

ఆ సినిమా మా ఊరికి మళ్లీ మళ్లీ వచ్చింది. అక్క ప్రతిసారీ వెళ్లింది, ప్రతిసారీ ఆ పాటకు లేచి బయటికి వచ్చింది. తోడుగా నేనూ వచ్చి సోడా తాగేదాన్ని. అందుకే జనమంతా గుండెలు బాదుకునే ఆ ఘట్టాన్ని ఎలా తీశారో నాకు ఈనాటికీ తెలియదు. బాగా తీసి ఉండరని మాత్రం చెప్పగలను.