చెరువుల మోత వినపడేదాకా

రాత్రి కరెంటు రాగానే నేను మెయిన్ స్విచ్ వేశాను, బల్బు మరీ తెల్లగా వెలిగింది. కరెంటు పోయి వచ్చాక, చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత మొదలై లోడు పడేదాకా వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది. అందుకే మా మండవల్లిలో ఆ మోత వినపడ్డాకే మెయిన్ వేస్తారు. కానీ పాపకి ఆయాసం, మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ పెట్టాలి, అందుకే అంతదాకా ఆగలేకపోయాను. మా ఆయన కొల్లేటికోట చెరువు దగ్గర కాపలాకి వెళ్లారు, ఫోను కలవలేదు.

ఆ వోల్టేజీకి నెబ్యులైజరూ ఫ్రిజ్జూ రెండూ పోయాయి. నిద్రపోతున్న పెద్ద పిల్లల్ని ఇంట్లోనే ఉంచి, పాపని భుజాన వేసుకుని వెళ్లి మెకానిక్‌ని పిలుచుకొచ్చాను.

"ముందు ఏది చూడమంటారండీ?"

"పాప మిషనండీ. ఫ్రిజ్ సంగతి తర్వాత."

మిషను లోపల కాలిన ఫ్యూజు మార్చాడు. మందు పట్టాక ఊపిరి తేలికపడి పాప నిద్రపోయింది. ఫ్రిజ్ చప్పుడు కూడా లేని ఇంట్లో నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నాను.

పొద్దున్న పిల్లలతో అన్నాను: "ఈసారి కరెంటు వస్తే, చెరువుల మోత మొదలైందో లేదో మీరూ నాతోపాటు వినండమ్మా."