అత్తా అని పిలవడం నేర్చుకున్న అయ్యవారు

మా అయ్యవారు సొంతూళ్ళో కాలం చేశారని మొన్న కురిచేడు స్టేషన్‌లో తెలిసినాయన చెప్పాడు. రైలు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుని నలుగురూ చూస్తుండగానే ఏడ్చాను. సిగ్గెందుకు? నన్ను చదివించిన మనిషి.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఆయన కోస్తా నుంచి మా ఊరి బడికి వచ్చారు. మాట మాటకూ 'అండి'. మేకలు కాసే పిల్లలను కూడా 'రండి బాబూ' అనేవారు. మా ఊళ్ళో వరస లేని మనిషి ఉండడు. దుకాణం శెట్టి మామ, మంగలి చిన్నాయన, దారినపోయే ముసలామె అవ్వ. 'మీరు' అనే మాట మాకు తెలియక కాదు. కచేరీలో అధికారితో అనేవాళ్ళం. పోట్లాడుకుని మాటలు మానుకున్నవాళ్ళు తప్పనిసరై మాట్లాడాల్సి వస్తే అనేవాళ్ళు.

పాఠంలో ఉన్న 'వచ్చెను'ను మేం 'వచ్చినాడు' అని చదివితే అయ్యవారు ఏనాడూ కొట్టలేదు. "పుస్తకంలో వచ్చెను, మీ ఇంట్లో వచ్చినాడు, మా ఇంట్లో వచ్చాడు. వచ్చిన మనిషి ఒక్కడేనమ్మా" అనేవారు.

మా ఊరి బడిలో నా చదువు అయిపోయింది. ఆయనకు మార్కాపురం బదిలీ అయింది. అమ్మా నాయనా గొర్రెల మందతో నల్లమలకు పోయి ఉన్నారు కాబట్టి ఇంట్లో అవ్వదే మాట. ఆయన వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అమ్మగారూ, మీ మనవరాలు బాగా చదువుతుందండి. హైస్కూలుకి పంపండి. మా ఇంట్లోనే ఉంటుంది. మీరు కాదనకండి."

అవ్వ విని లోపలికి పోయింది. ఆయన పోయాక నాతో అన్నది: "అయివారికి మన మీద కోపమేందో. అన్నీ మీరులే. కోపమున్నోళ్ళ ఇంట్ల పిల్లనెట్ల పెట్టేది? నేను పంపను."

నేను అన్నం మానేసి పడుకున్నాను. సంగతి శెట్టి మామ దుకాణం దాకా పోయింది. ఆయనే అయ్యవారికి విడమరిచి చెప్పాడు. "సారూ, నువ్వు మర్యాద చేసినావు, ఆమె ఎడం పెట్టినావనుకునింది. అత్తా అని పిలువు, నువ్వు అను."

"పెద్దావిడను నువ్వు అనడమా శెట్టిగారూ? మా అమ్మ వింటే చెంప పగలగొడుతుందండి."

అయినా మర్నాడు పొద్దున్నే మా గొర్రెల దొడ్డి దగ్గరికి వచ్చారు. ముఖమంతా చెమట. రెండుసార్లు నోరు తెరిచి మూశారు. చివరికి, "అత్తా, మంచినీళ్ళియ్యి... అండి" అన్నారు.

అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "ఆ తోకొకటి ఎందుకు అల్లుడా? కూర్చో" అని చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది.

"పిల్లను పంపు అత్తా."

"నీ ఇంటికే గదా, పంపక ఏం చేస్తా. అల్లుడంటే ఉత్త మాట గాదు నాయనా. దానికి జ్వరమొచ్చినా నీదే భారం, పేరొచ్చినా నీదే."

"నాదే" అన్నారు ఆయన. ఈసారి తోక తగిలించలేదు.

మార్కాపురంలో హెడ్మాస్టరు నా మోచేతి దాకా ఉన్న పచ్చబొట్లు చూశాడు, అయ్యవారి ఇస్త్రీ పంచె చూశాడు. "ఈ పిల్ల మీకేమవుతుందండీ?" అని అడిగాడు. బడిలో చదువు చెప్పానని అంటే సరిపోయేది.

"మా అత్త మనవరాలండి" అన్నారు అయ్యవారు, ఒక్క క్షణం ఆలోచించకుండా.

నన్ను క్లాసులో కూర్చోబెట్టి ఆయన వెళ్ళిపోయారు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, ఒక చేత్తో పంచె ఎగబట్టి, రెండో చేత్తో నాకివ్వడం మరిచిపోయిన సద్దిమూట పట్టుకుని, ఆ మండుటెండలో మా మామ పరిగెత్తుకుంటూ వెనక్కి వస్తున్నారు.