పక్కింటి కుర్చీ

వహీదాకు పరువు పిచ్చి. దబీర్‌పురాలో ఒక్క గదిలో మిషను కుట్టి బతుకుతున్నా, ఇంటికొచ్చినవాళ్ల ముందు లేమి కనబడితే ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది. ఆ పిచ్చే ఆమె కొంప ముంచింది.

కూతురు షిఫాకు నడుము కింద పట్టు లేదు. తెలివికి లోటు లేదు. నాలుగో తరగతి దాకా సర్కారు బడిలో కింది గదిలోనే చదివింది. ఐదో తరగతి పైఅంతస్తులో. క్లాసును కిందికి మార్చండని వహీదా అడిగితే హెడ్మాస్టర్ వినలేదు. ఇంటికే టీచరును పంపిస్తామని చేతులు దులుపుకున్నాడు.

వారానికోసారి కీర్తిప్రియ మేడం వచ్చేది. చాయ్ తాగేది, పిల్ల చేతిలో పుస్తకం పెట్టి ఫోటో తీసుకునేది, పోయేది. అదీ చదువు!

మేడం వస్తుందంటే వహీదా షిఫాకు పండగ గౌను తొడిగేది. పక్కింట్లో పాలమ్మే బాలమ్మ దగ్గర కుర్చీ, బల్ల అడిగి తెచ్చేది. ఫోటోలో ఇల్లు బీదగా కనబడితే నామోషీ కదా!

షిఫా మాత్రం బడికి పోతానని రోజూ ఏడ్చేది. అది దాని హక్కని చట్టంలోనే ఉందని తెలిసి వహీదా విద్యాశాఖలో ఫిర్యాదు పెట్టింది.

విచారణకు హెడ్మాస్టర్ నవ్వుతూ వచ్చి అధికారి ముందు ఆ ఫోటోలు పరిచాడు.

"చూడండి సార్, కుర్చీ, బల్ల, మంచి బట్టలు. ఇంట్లోనే ఇంత వసతి ఉంటే బడి దేనికి?"

వహీదా లేచి నిలబడింది. "ఖుదా కసమ్ సార్, గా కుర్చీ మాది కాదు. పక్కింటోళ్లది. ఇల్లు మంచిగ కనబడాలని నేనే తెచ్చి పెట్టిన."

"అయితే అప్పుడు నాటకం ఆడినవా, ఇప్పుడు ఆడుతున్నవా?" అన్నాడు అధికారి.

మేడం అక్కడే ఉంది. అంతా తెలిసీ నోరు విప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఫిర్యాదు కొట్టేశారు.

మరుసటి వారం మేడం వచ్చేసరికి ఇంటికి తాళం. ఫోన్ చేస్తే, "బడికాడ ఉన్నం, రాండ్రి" అంది వహీదా.

బడి గేటుకు అడ్డంగా అదే కుర్చీ. అందులో పండగ గౌనుతో షిఫా, పక్కన బాలమ్మ. హెడ్మాస్టర్ ఊగిపోతూ బయటికొచ్చాడు.

"పిల్లను ఎండలో కూర్చోబెట్టినవ్, సిగ్గు లేదా?"

"మీకుందా సార్?" అని వహీదా మేడం వైపు తిరిగింది. "తియ్యుండ్రి ఫోటో. ఇయ్యాల గేటు గూడ పడాలె. కోర్టుకు పోయి చూపిస్త."

మేడం ఫోను సంచిలో పెట్టేసుకుంది. బాలమ్మ తన ఫోను తీసింది.

"ఇటు చూడు బిడ్డా."

షిఫా చూడలేదు. పైఅంతస్తు కిటికీలోంచి చేతులూపుతున్న తన క్లాసు పిల్లలనే చూస్తోంది. ఫోటో అట్లాగే పడింది.