అత్తగారి కంట్లో చుక్కలు

ప్రకాశం జిల్లాలో మేం కౌలుకి చేసిన పత్తి వరసగా రెండేళ్లు పురుగు పాలయ్యాక, మా ఆయనా నేనూ గుంటూరు వచ్చేశాం. ఆయన అద్దె ఆటో నడిపేవాడు. నేను మిర్చి యార్డు దగ్గర ఒక గోడౌన్లో ఎండు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేదాన్ని. ఒక పెద్దావిడ ఇంటి వెనక ఒంటి గదిలో అద్దెకున్నాం. చేరిన రోజే ఆవిడ ఖండితంగా చెప్పింది.

“ఇద్దరంటే ఇద్దరే. మూడో మనిషి కనపడితే ఆ నెలాఖరుకి ఖాళీ చెయ్యాల. నా బోరులో నీళ్లు మాకే చాలట్లా.”

ఏడాది తిరక్కముందే మా అత్తగారి కంట్లో శుక్లం ముదిరింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, వారం పాటు రోజుకి ఆరుసార్లు చుక్కల మందు వెయ్యాలని చెప్పి మర్నాడే పంపేశారు. ఊళ్లో ఆమెను చూసుకునేవాళ్లు లేరు. ఇంటావిడ పెదకాకాని గుడికి వెళ్లిన పూట చూసి, అత్తగారిని ఆటోలో తెచ్చి గదిలో పడుకోబెట్టాం.

అప్పట్నించీ ఇంటావిడ లేవకముందే అత్తగారిని చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్లి తెచ్చేదాన్ని. నా చీరకంటిన మిరప కోరు ఘాటుకి ఆమెకు దగ్గొచ్చేది. దగ్గితే కంటికేమవుతుందోనని ఒక భయం, ఆ దగ్గు ముందింటికి వినపడుతుందేమోనని ఇంకో భయం. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కళ్ల వెంట నీళ్లు కార్చేది.

రెండు రోజులు మా ఆయన ఆటో తియ్యకుండా ఇంట్లో ఉండి చుక్కలు వేశాడు. మూడో రోజు ఆటో యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఆయన వెళ్లక తప్పలేదు. నేను పని మాని ఉండిపోయాను.

పదకొండింటికి చుక్కలు వెయ్యాలి. చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాను. నూనె రాసి మళ్లీ కడిగాను. నిన్నటి మంట వేళ్లలో ఇంకా ఉంది. కింది రెప్ప లాగితేగాని మందు లోపల పడదు. ముందు నా కంటికే వేలు తగిలించి చూసుకున్నాను. నిప్పు పెట్టినట్టయింది. గోడ పట్టుకుని కూలబడ్డాను.

“ఏమైందమ్మాయ్?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా.”

“సీసా ఇటియ్యి, నేనే ఏసుకుంటా.”

ఆమె రెండుసార్లు వేసుకుంటే రెండు చుక్కలూ చెంప మీద పడ్డాయి. ఇలా పోతే సీసాలో మందు వారానికి చాలదు. టైము దాటిపోతోంది. ఒక్క కన్ను తెరుచుకుని ముందింటికి నడిచాను.

ఇంటావిడ వరండాలో బియ్యం ఏరుతోంది.

“పిన్నిగారూ, మా అత్తగారు గదిలో ఉన్నారండీ. మూడు రోజులైంది. మీకు చెప్పకుండా తెచ్చాం. కంటి ఆపరేషనండీ. నా చేతులు మిరప చేతులు. చుక్కలు మీరు వెయ్యాలి.”

ఆవిడ చేట పక్కన పెట్టింది. నా ఎర్రటి కన్ను చూసింది. చేతులు కడుక్కుని నా వెనకే వచ్చింది. అత్తగారి తల వెనక్కి వాల్చి, రెప్ప మెల్లిగా లాగి, ఒక్కటంటే ఒక్క చుక్క వేసింది.

“మళ్లీ ఎప్పుడు?”

“ఒంటిగంటన్నరకండీ.”

“నేనొస్తా. నువ్వు రేపట్నించి పనికి పో. ఆ చేతుల్తో ఈవిడ జోలికి రామాక.” గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “నెలాఖరు మాట మాత్రం మారదు. నాకు చెప్పకుండా చేశారు.”

ఆ రెండు మాటలూ నిలబెట్టుకుంది. వారమంతా గడియారం చూసుకుని మరీ వచ్చేది. అత్తగారికి ఎండ తగలకుండా కిటికీకి తన పాత చీర కట్టింది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కన్ను బాగుందన్నారు. అత్తగారు ఊరెళ్లిపోయారు. ఇంక మూడో మనిషి లేదు కదా, ఉండనిస్తుందేమో అని ఆశపడ్డాను. నెలాఖరు నాడు పొద్దున్నే ఆవిడ తాళం కోసం చెయ్యి చాపింది. కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది.

యార్డుకి ఇంకా దూరంగా, రేకుల గది దొరికింది. సామాను ఆటోలో ఉండగానే ఆ ఇంటాయనతో చెప్పాను.

“మా అత్తగారు వచ్చిపోతుంటారండీ. మీరు సరేనంటేనే దించుతాం.”

ఆయన ఆటోలో సామాను వంక చూశాడు. మా ఆయన హ్యాండిల్ వదల్లేదు. చివరికి ఇంటాయన, “దించుకోండమ్మా” అన్నాడు.