తెగని దారం

తుంగభద్ర కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో, హచ్చొళ్ళి దగ్గర పొలం కొనుక్కుని కోస్తా నుంచి వచ్చాం. సామాన్లతో పాటు నా గాలాల డబ్బా కూడా వచ్చింది. మా ఉప్పుటేరులో పండుగప్పకు వేసే గాలాలవి. కొక్కేనికి కోడిపుంజు మెడమీది తెల్ల ఈకలు కట్టి నీటిలో లాగితే చిన్న చేప ఈదుతున్నట్టే ఉండేది. ఆ ఈకలు కట్టడంలో నా భార్య తమ్ముడిదే మంచి చెయ్యి.

మా వైపు దారం ఎంత లావైతే అంత మంచిది. ఏటి అడుగున బురదే, చేప ఎటు పరుగెత్తినా అడ్డం లేదు. దారం కొసను గుప్పిటికి చుట్టుకుని నిలబడేవాళ్ళం.

ఇక్కడి నది ఒడ్డున, పుట్టి అనే గుండ్రటి తెప్ప నడిపే ఆయన నా దారం పట్టుకుని చూసి నవ్వాడు.

"ఇది ఎనుమును కట్టేసేకి బాగుంటాదప్పా. చేపకేంది? ఈడ అడుగంతా గుండ్లు ఉండాయి. చేప సందున దూరితే దారం తెగేటట్ల ఉండల్ల."

నా బావమరిది అప్పటికే డబ్బాలోంచి సన్నదారం తీశాడు. "బావా, కొక్కెం దగ్గర మూరెడు ఇది ముడేద్దాం."

"కొక్కేలు ఇక్కడ దొరకవురా. ఒక్కటి పోయినా ఊరుకోను," అన్నాను. పదిమందిలో పుట్టివాడి మాటకు మారడం నాకు నామోషీ అనిపించింది. వాడు సన్నదారం మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా వాడి గాలానికి పెద్ద వాలుగ పడింది. బండల సందున దూరి లాగింది. దారం తెగలేదు. గుప్పిటికి చుట్టిన చుట్లు వేళ్ళలోకి దిగిపోయాయి.

"కొయ్యి, బావా," అన్నాడు. అరవలేదు, మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు.

కత్తి నా చేతిలోనే ఉంది. ఒక్క క్షణం నేను కొక్కెం గురించి ఆలోచించాను.

బళ్ళారి ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. కత్తి మొద్దుబారిందని, బావ ఎంత కోసినా తెగలేదని వాడే అందరికీ చెప్పాడు. నేను కాదనలేదు. ఆ కత్తిని ఆ పొద్దునే సానపట్టాను.

ఇప్పటికీ వాడు ఈకలు పట్టుకుని మా అరుగు మీదికి వస్తాడు. "నువ్వే కట్టాలి బావా, నా వల్ల కాదు," అంటాడు. డబ్బాలోంచి సన్నదారమే తీస్తాను. మిగిలిన వేళ్ళతో వాడు కొక్కెం పట్టుకుంటే నేను ముడి బిగిస్తాను. ఇవాళైనా చెప్పాలనుకుంటాను. ఈలోగా వాడు ముడి చూసి, వేలాడే దారాన్ని నా ముందుకు చాపుతాడు.

"కొయ్యి, బావా."