నడుం దాటకూడని రెడ్‌వుడ్

అర్నే లెహ్తోలా బతుకంతా చెట్లను తలెత్తి చూడటంతోనే గడిచింది. మెండొసీనో తీరంలో పుట్టి, మీసాలు రాకముందే అడవిలో కోత పనికి వెళ్లి, నడుం పట్టేసేదాకా రంపం వదల్లేదు. ఏ చెట్టు లోపల పుచ్చిందో, కోస్తే ఎటు ఒరుగుతుందో ఒక్క చూపులో చెప్పేవాడు. ఆ చూపు గురించి అతనికి కాస్త గర్వం ఉండేది. భార్య పోయాక అతనికి మిగిలినవి ఆ గర్వమూ, ప్రతి శనివారం స్నేహితుల కోసం వెచ్చబెట్టే ఆవిరి గదీ.

రెడ్‌వుడ్ అంటే ఆకాశాన్నంటే చెట్టు. పక్కింటి ఇడలీనా ఫుర్టాడో పెరట్లో మాత్రం ఒక పొట్టి రెడ్‌వుడ్ ఉంది. వంటింటి కిటికీ కింద నడుమెత్తున గొడుగులా అడ్డంగా విచ్చుకుని ఉండేది. కొత్త చిగుళ్ల కొసలు మీగడ అద్దినట్టు తెల్లగా ఉండేవి. అయితే ఆ మొక్క దానంతట అది పొట్టిగా ఉండదు. అప్పుడప్పుడూ దానికి తన జాతి గుర్తొస్తుంది. నడిమధ్య నుంచి ఏదో ఒక రెమ్మ నిలువుగా లేస్తుంది. లేతగా ఉన్నప్పుడే గిల్లకపోతే మొక్క బలమంతా అదే లాక్కుని, కొన్నేళ్లలో ఇంటికప్పు దాటిపోతుంది. అందుకే ఇడలీనా ఏటా వసంతంలో పీట వేసుకుని దాని ముందు కూర్చుని, నిక్కిన రెమ్మలన్నీ గోటితో గిల్లేది.

ఎందుకంత పట్టుదలో వీధిలో అందరికీ తెలుసు. ఆమె భర్త అమారో అడవిలో పని చేస్తుండగా పైనుంచి ఎండుకొమ్మ విరిగిపడి చనిపోయాడు. ఆ కబురు మోసుకొచ్చింది అర్నేనే. మరుసటి ఏడు ఆమె ఆ మొక్క తెచ్చి నాటింది. "ఈ ఊళ్లో నేను తలెత్తి చూడక్కర్లేని రెడ్‌వుడ్ ఒక్కటైనా ఉండాలి" అంది. నవ్వుతూనే అంది. వింటున్నవాళ్లు మాత్రం నవ్వలేదు.

చలికాలం చివర్లో ఆమెకు తుంటి ఆపరేషన్ పడింది. కొన్ని నెలలు పెటలూమాలో చెల్లెలు డెవొలిండా దగ్గర ఉండాలి. వెళ్లేముందు అర్నేను పిలిచి పెరటి తాళం చేతిలో పెట్టింది.

"పొగమంచు రాని రోజుల్లో నీళ్లు పెట్టు. ఉప్పుగాలి కొడితే ఆకుల మీద కూడా కాస్త చల్లు. మొదలు చుట్టూ బెరడు పొట్టు పరిచాను, దాన్ని కదపకు."

"నాకు రెడ్‌వుడ్ గురించి చెప్తున్నావా, ఇడలీనా?"

"నీకు కొయ్యడం తెలుసు. పెంచడం గురించి చెప్తున్నా. నిక్కిన రెమ్మ కనపడితే గిల్లేయ్. మర్చిపోకు."

"సరే సరే, వెళ్లిరా. నువ్వొచ్చేసరికి రాణిలా ఉంటుంది."

ఏప్రిల్లో రెమ్మ లేచింది. అర్నే వంగి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని కూడా గిల్లలేదు. అంత తిన్నని రెమ్మ! ఇంకో వారం చూద్దామనుకున్నాడు. జూన్ నాటికి అది మోచెయ్యంత పొడవైంది. రోజూ పొద్దున కాఫీ కప్పుతో వెళ్లి దాని ముందు నిలబడేవాడు. ఇడలీనా ఎందుకు వద్దందో అతనికి గుర్తుంది. అయినా ఆడమనిషి దుఃఖంలో ఏదో అంది, ఇన్నేళ్లయ్యాక ఇంత చక్కటి చెట్టును చూస్తే ఆవిడే మెత్తబడుతుంది అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. అడవిలో అలవాటైన చెయ్యి ఊరుకోలేదు. నిలువు రెమ్మకు కర్ర ఊతం కట్టాడు. దాని బలం తినేస్తున్నాయని, చుట్టూ పరుచుకున్న పాత కొమ్మలను కత్తెర తెచ్చి కోసేశాడు. గొడుగులో ఒక పక్క మాత్రమే మిగిలింది.

అక్కడితో ఆగినా బాగుండేది. బేకరీ దగ్గర నలుగురిలో కూర్చుని చెప్పుకున్నాడు. "ఇన్నేళ్లు దాని మెడలు వంచి పెట్టింది పాపం. నేను విడిపించాను."

ఆవిరి గదికి వచ్చే వైనో ఒక్కడే అడిగాడు. "ఆవిడని అడిగావా?"

"చూశాక అదే అంటుందిలే, థాంక్స్ అని."

అక్టోబరులో ఇడలీనా వచ్చింది. చేతికర్ర మీద ఆనుకుని, లోపలికి కూడా వెళ్లకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. వెనకే డెవొలిండా, పక్కన అర్నే. కిటికీ సగం కప్పేస్తూ నిలువునా లేచిన కొమ్మను చూడటానికి ఆమె తల ఎత్తాల్సివచ్చింది. ఎత్తి, అలాగే ఉండిపోయింది.

ఆ క్షణంలో అర్నేకు తన పని ఆమె కళ్లతో కనిపించింది.

"ఏమైంది దీనికి?" అంది ఇడలీనా నెమ్మదిగా.

"జింకలు..." అన్నాడు. "ఈ ఏడు జింకలు మరీ ఎక్కువయ్యాయి. కిందంతా మేసేశాయి."

ఆమె చేతికర్రతో ఒక మొద్దును తట్టింది. కోసిన చోటు నున్నగా, ఏటవాలుగా ఉంది.

"జింకలు కత్తెరలు కూడా కొనుక్కున్నాయా, అర్నే?"

డెవొలిండా నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అర్నేకు భూమిలోకి కుంగిపోయినట్టైంది. "నేను... అంత తిన్నగా వస్తుంటే... కోసేస్తానులే, ఇప్పుడే రంపం తెస్తాను" అంటూ నీళ్లు నమిలాడు.

"వద్దు. నువ్వు ముట్టుకోకు." గొంతు పెంచలేదు. "తాళం అక్కడ పెట్టి వెళ్లు."

ఆ సాయంత్రం డెవొలిండా రంపంతో ఆ కొమ్మ కోస్తున్న చప్పుడు అతనికి గోడ ఇవతలికి వినిపించింది. రంపం పట్టడం రానివాళ్ల చప్పుడది. నాలుగు లాగుళ్లకోసారి ఇరుక్కుంటోంది. వెళ్లి సాయం చేద్దామని లేచి, తలుపు దాకా వచ్చి, వెళ్లే ముఖం లేక మళ్లీ కూర్చున్నాడు.

ఊరు చిన్నది. శనివారం ఆవిరి గదిలో వైనో వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ అన్నాడు. "ఈసారి నా భార్య ఊరెళ్తే మా పిల్లిని నీకు అప్పజెప్పను. పులిని చేసి పెడతావ్." మిగతావాళ్లు పగలబడి నవ్వారు. అర్నే కూడా నవ్వబోయాడు, రాలేదు. చెమటలో ఎవరి ముఖం ఎలా ఉందో తెలియకపోవడం ఒక్కటే ఆ రోజు అతనికి దొరికిన ఊరట.

ఆ తర్వాత బేకరీకి వెళ్లడం మానేశాడు. చలికాలంలో కట్టెలు చీల్చి, ఎవరూ లేవకముందే ఇడలీనా గుమ్మంలో పేర్చివచ్చాడు. మధ్యాహ్నానికి అవే కట్టెలు అతని గుమ్మంలో ఉన్నాయి. చేతికర్రతో నడిచే మనిషి వాటిని ఎలా మోసుకొచ్చిందో ఊహించుకుంటే చెంపదెబ్బ తిన్నంత సిగ్గేసింది. మళ్లీ పెట్టలేదు. మంచి చేస్తున్నాననుకుంటూ ఈసారి కూడా ఆమెను అడగలేదు కదా అనిపించింది.

వసంతంలో ఆ మొక్క రెడ్‌వుడ్ జాతి చేసే పనే చేసింది. కోసిన ప్రతి మొద్దు నుంచీ, మొదలు నుంచీ గుత్తులు గుత్తులుగా పిలకలు వేసింది. వాటిలో కొన్ని పక్కకు, ఎక్కువవి నిలువుగా. ఇడలీనా పీట మీద కూర్చోబోయి, తుంటి పట్టేసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. కంచె అవతల నుంచి అర్నే అంతా చూస్తూనే ఉన్నాడు. కాళ్లు కదలబోయాయి. బలవంతాన ఆపుకున్నాడు.

చాలాసేపటికి ఆమె ఇటు తిరిగింది.

"అక్కడ కంచెగుంజలా ఏం నిలబడ్డావ్?"

"రమ్మంటావా?"

"నేను వంగలేను. డెవొలిండా వచ్చేది నెలాఖరుకి. అప్పటికి ఇవి ముదిరిపోతాయి." చేతికర్రతో పిలకలను చూపించింది. "క్షమించానని అనుకోకు."

"అనుకోను."

"కత్తెర తేకు. గోళ్లు చాలు."

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. వీధిలోంచి చూస్తే కనిపించే చోటే. ఎవరిదో కారు నెమ్మదించి, హారన్ కొట్టి వెళ్లింది. చెవులు ఎర్రబడ్డాయిగానీ తల తిప్పలేదు. ఆమె గోడకు ఆనుకుని, రెండు చేతులూ చేతికర్ర మీద పెట్టుకుంది.

అర్నే ఒక పిలకను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. గిల్లలేదు.

"ఇది గిల్లనా?"

"గిల్లు."

"ఇదో?"

"దాన్ని వదిలెయ్. పక్కకు పోతోంది, కనపడట్లేదూ?"

కనపడుతూనే ఉంది. అయినా ఇంకోదాన్ని పట్టుకుని, మళ్లీ అడిగాడు.